తేటనీరు

మా పెరట్లో ఒక కొలను వుంది. పొడవు 2 మీటర్లు, వెడల్పు మీటరు, లోతు అరమీటరు. మా ఆవిడ దాన్ని తొట్టె అంటుంది గాని, ఇరవై యేళ్లుగా ప్రబంధాల్లోని సరోవర వర్ణనలు పాఠం చెబుతున్న నాకు అలా అనడానికి నోరు రాదు.

అందులో మా అమ్మాయి పెంచుకున్న ఆరు బంగారు చేపలుండేవి. హాస్టలుకు వెళ్తూ, "నాన్నా, వీటిని నీకు అప్పగిస్తున్నాను" అంది. ఆ నెలలోనే నీళ్లు పచ్చబడ్డాయి. చేపలు సరే, మొసలి వున్నా కనబడేది కాదు.

నా చిన్నతనంలో మా అమ్మమ్మ చిల్లగింజ అరగదీసి బిందెలో కలిపేది. మట్టి అడుక్కి దిగి నీళ్లు తేరుకునేవి. ఆ మాట చెబితే దుకాణదారు నవ్వి, చిన్న ఫిల్టరొకటి చేతిలో పెట్టాడు. చవగ్గా వచ్చిందని సంతోషించాను. అది గదిలో పెట్టుకునే గాజుతొట్టెకు తగినదని తరువాత తెలిసింది. నెలన్నరకు స్పాంజి జిగురు కట్టింది. కుళాయి కింద పెట్టి తెల్లబడేదాకా పిండాను. నాలుగు రోజుల్లో రెండు చేపలు చచ్చి తేలాయి.

కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే మిత్రుడు వచ్చి చూసి, "కాపలావాళ్లను కడిగి పారేశావోయ్!" అన్నాడు. చేపలు విడిచే అమ్మోనియా వాటికే విషం. స్పాంజిలో కాపురముండే సూక్ష్మజీవులు దాన్ని ముందు నైట్రైటుగా, ఆపైన అంతగా హాని చేయని నైట్రేటుగా మారుస్తాయి. అవి స్థిరపడడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. కుళాయినీటి క్లోరిను వాటిని చంపేస్తుంది. "మీ అమ్మమ్మ చిల్లగింజ మట్టిని దించుతుంది గాని, ఈ విషాన్ని దించదు" అన్నాడు.

ఈసారి లెక్క కట్టి కొన్నాం. కొలనులో నీళ్లు 1000 లీటర్లు. అవన్నీ రెండు గంటలకొకసారైనా ఫిల్టరులోంచి రావాలంటే, గంటకు 500 లీటర్లు. నీటిని పైకెత్తేకొద్దీ పంపు మీద వేసిన అంకె తగ్గుతుంది గనుక 1000 లీటర్లదే తీసుకున్నాం. ముందు స్పాంజి, వెనుక పింగాణీ ముక్కలు, పచ్చని నాచుకు అతినీలలోహిత దీపం. పంపు రాత్రింబగళ్లు ఆడాలి. కడిగితే కొలను నీళ్లతోనే, అదీ ఒకసారికి సగమే.

పండక్కి అమ్మాయి వచ్చింది. గట్టున కూర్చుని లెక్కపెట్టి, "నాలుగే వున్నాయేం నాన్నా?" అంది. నీళ్లు ఇంకా పచ్చగానే వుంటే యేదో చెప్పి తప్పించుకునేవాణ్ణి. అడుగుదాకా కనబడుతోందాయె! ఉన్నదున్నట్టు చెప్పేశాను.

అంతా విని, కాసేపు మాట్లాడలేదు. వెళ్లేటప్పుడు మాత్రం స్పాంజి కడిగే పని వాళ్లమ్మకు అప్పగించి వెళ్లింది.