చెవికి తెలిసిన భాష

రెండు భాషల రాజధాని అంటే చాలామందికి బ్రస్సెల్స్ గుర్తొస్తుంది. అక్కడ వీధి బోర్డుల మీద ఫ్రెంచి, డచ్చి రెండూ ఉంటాయి. లేదంటే ఒట్టావా. కెనడా 1969లో అధికార భాషల చట్టం చేసి ఇంగ్లిషుకూ ఫ్రెంచికీ సమాన హోదా ఇచ్చింది. మా బచ్చన్నపేట వాళ్లకు అంత దూరం పోవాల్సిన పని లేదు. జనగామ దాకా బస్సు, అక్కణ్నుంచి రైలు. 1948 దాకా మా తాతల లెక్కలో హైదరాబాదు ఒక దేశానికి రాజధానే. నిజాంకు సొంత సిక్కా, సొంత తపాలా, సొంత రైలు ఉండేవి. సర్కారు భాష ఉర్దూ. రాజ్యంలో అన్నిటికన్నా ఎక్కువమంది మాట్లాడేది మాత్రం తెలుగు.

ఈ రెండు భాషలూ సమానంగా బతికాయని అనలేం. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పై చదువులు ఉర్దూలో చెప్పారు. పుస్తకాలు అనువదించడానికి ఒక విభాగమే పెట్టారు. ఇంగ్లిషు కాకుండా ఈ దేశపు భాషలో చెప్పడం గొప్ప పనే. కానీ పల్లెటూరి తెలుగు పిల్లాడికి అదీ కొత్త భాషే. 1921 నవంబరులో హైదరాబాదులో, వివేకవర్ధిని థియేటరులో జరిగిన సంఘ సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభలోవాళ్లు గేలి చేశారు. ఆ రాత్రే ఆంధ్ర జనసంఘానికి బీజం పడింది.

ఇంత జరిగినా ఉర్దూ మా ఊరి నోట్లోకి రాకుండా ఆగలేదు. మా నాయనమ్మ బడి మొహం చూడలేదు. అయినా ఆమె మాటల్లో దవాఖాన, తకరారు, పరేషాన్, జరూర్, రసీదు. అవి ఉర్దూ మాటలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెబితే నమ్మేది కూడా కాదు.

ఇంట్లో ఒక రేకు పెట్టె ఉంది. అందులో మా తాత కొన్న చెలక బైనామా. ఫస్లీ 1352 నాటిది, అంటే 1942-43. మొత్తం ఉర్దూ. అందులో మావాళ్లది వేలిముద్ర ఒక్కటే. ఆ చెలకలోని బావి ఎవరిదన్న తకరారు మాకూ చిన్నతాత కొడుకులకూ ఇరవై ఏండ్లుగా నడుస్తోంది. నీళ్లకు కటకటలాడే మా దిక్కు బావి తకరారంటే పెండ్లిళ్లకు కూడా పోకపోవడం. "కాయితంల మనకే రాసి ఉన్నది" అని బాపు అనేటోడు. మా చిన్నాయనదీ అదే మాట. చదివినవాళ్లు మాత్రం ఎవరూ లేరు. ఊర్లో ఉర్దూ చదవగలిగిన పాత పట్వారీ నేను పుట్టకముందే పోయిండు.

దాన్ని పట్టుకుని పోయిన ఏడు ఛత్తా బజారుకు పోయాను. ఉర్దూ పెండ్లి పత్రికలు అచ్చువేసే ఒక చిన్న కొట్టులో ఒక పెద్దాయన కళ్లద్దాలు తుడుచుకుని చదవడం మొదలుపెట్టాడు. గొలుసుకట్టు రాత, ఆయనకూ ఆగి ఆగి చదవాల్సి వచ్చింది. మౌజా బచ్చన్నపేట, తాలూకా జనగాం, జిల్లా నల్గొండ. అప్పట్లో మాది నల్గొండ జిల్లా. తర్వాత హద్దులు, రఖం, గవాహీలు, హిస్సా. నాకు అలీఫ్ కూడా రాదు, కానీ ఆయన చదువుతుంటే సగానికి పైగా అర్థమవుతోంది. అవన్నీ నాయనమ్మ మాటలే.

"దేఖో బేటా, బావ్లీల నిస్ఫ్ హిస్సా రాసిండ్రు. సగం మీ తాతకు, సగం ఆయన తమ్మునికి" అన్నాడాయన. డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు.

ఫోనులో చెబితే బాపు కొంచెంసేపు ఏం మాట్లాడలేదు. "సగమా?" అన్నాడు. తర్వాత "నువ్వు జెప్పకు. నేనే పోయి చెప్పొస్త" అన్నాడు.

మా పక్క జిల్లా మహబూబాబాద్‌లోని చిన్నగూడూరు దాశరథిది. నిజాంకు వ్యతిరేకంగా రాసి జైలుకు పోయాడు. ఆయనే గాలిబ్‌ను తెలుగు చేశాడు. రాజు మీది కోపం ఆయన భాష మీదికి పోనియ్యలేదు. తర్వాత వచ్చిన మనం అంత జాగ్రత్త పడలేదు. నిజాంతోపాటు ఆ లిపినీ సాగనంపినం. ఉర్దూ అంటే ముస్లింల భాష, మనకెందుకులే అనుకున్నాం. మన భూముల కథ మాత్రం ఆ లిపిలోనే ఉండిపోయింది.

2017లో తెలంగాణ ఉర్దూను రాష్ట్రమంతటికీ రెండో అధికార భాష చేసింది. మంచిదే. ఇప్పుడు హైదరాబాదులో ఆఫీసుల బోర్డుల మీద రెండు లిపులూ కనిపిస్తాయి. నాలాంటివాళ్లం ఒక వరుస చదివి, రెండోదాన్ని బొమ్మలాగ చూసి ముందుకు పోతాం. బోర్డు రాయించడం చట్టంతో అవుతుంది. ఛత్తా బజారులో ఆ పెద్దాయనకు డెబ్బై దాటినయి. ఈ గొలుసుకట్టు రాత తన కొడుకుకు రాదని ఆయనే చెప్పాడు.

మా రేకు పెట్టెలో ఇంకా నాలుగు కాయితాలున్నాయి. నెల రోజులుగా రాత్రిపూట అలీఫ్, బే దిద్దుతున్నాను.