జానెడు లోతు

మూడేళ్ల కిందట మా అక్క కమ్మ పోయింది. బాగేపల్లి తాలూకాలో, ఆంధ్రా సరిహద్దుకు దగ్గరగా ఉన్న చిన్న పల్లె మా అక్కది. వేరుశెనగ పీకే రోజుల్లో, ఎడమ చెవి కమ్మ చేలో ఎక్కడో జారిపోయింది. కూలివాళ్లందరూ వెతికారు. దొరకలేదు. ఆ తర్వాత రెండు వానాకాలాలు వచ్చి పోయాయి, చేను రెండుసార్లు దున్నారు.

"అమ్మ పెట్టినవిరా అవి" అని ఫోన్ చేసినప్పుడల్లా అనేది. బ్యాంకులో ముప్ఫై ఏళ్లుగా నగల తాకట్టు చూస్తున్నవాణ్ణి. గ్రాముల లెక్కన దాని ఖరీదు చిటికెలో చెప్పగలను. అక్క లెక్క వేరని నాకూ తెలుసు.

అమెరికాలో ఉన్న మా మేనల్లుడు ఒక ఉపాయం చెప్పాడు. "మామా, నేను డబ్బు పంపిస్తాను. నువ్వు బెంగళూరు వెళ్లి ఒక మెటల్ డిటెక్టర్ కొను." అక్కడ ఆదివారాలు ఇసుకలోనూ పార్కుల్లోనూ అది పట్టుకొని తిరగడం చాలామందికి కాలక్షేపమట. ఇంగ్లండులో 2009లో ఒకాయన ఇలాగే పొలంలో తిరుగుతూ మూడున్నర వేలకు పైగా పాతకాలపు బంగారు, వెండి వస్తువులు బయటపెట్టాడు. చట్టప్రకారం అధికారులకు చెప్పి, వచ్చిన సొమ్ము పొలం ఆసామితో పంచుకున్నాడు. మావాడు ఈ కథ చెప్పేటప్పుడు గొంతు కొంచెం మారింది. నేను గమనించనట్టు ఊరుకున్నాను.

నేను బి.కాం. చదివినవాణ్ణి. సైన్సుతో నా పరిచయం ఎస్సెస్సెల్సీతోనే ఆగిపోయింది. రెండు ఆదివారాలు ఫోన్లో పాఠం విన్నాక నాకు అర్థమైనది ఇది. కింద పళ్లెంలాంటి దాంట్లో తీగచుట్టలు ఉంటాయి. ఒక చుట్టలో కరెంటు అటూ ఇటూ మారుతుంటే, కింద ఉన్న లోహంలో చిన్న కరెంటు పుడుతుంది. దాని జాడను రెండో చుట్ట పట్టుకొని కూత పెడుతుంది. టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహంబెల్ 1881లోనే ఇలాంటి యంత్రం చేసి, కాల్పుల్లో గాయపడిన అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ ఒంట్లో తూటా కోసం వెతికాడట. తూటా దొరకలేదు. మంచంలో ఉన్న ఉక్కు స్ప్రింగులు అందుకు ఒక కారణమంటారు. మన చేలల్లో స్ప్రింగుల పని ఎర్రమట్టి చేస్తుంది. అందులోని ఇనుము వల్ల మిషను ఊరికే అరుస్తుంటుంది. కాబట్టి నేలకు తగ్గట్టు సర్దుకునే ఏర్పాటు ఉండాలి. చిన్న బంగారం కోసమైతే ఎక్కువ ఫ్రీక్వెన్సీ ఉండాలి, పళ్లెం చిన్నదిగా ఉండాలి. లోతుకు పోయే మిషన్లు వేరే ఉన్నాయిగానీ అవి మేకుకూ బంగారానికీ తేడా సరిగ్గా చెప్పవు. చిన్న నాణెం జానెడు లోతున తగిలితే అదే గొప్ప.

"ఇంకొక్క మాట మామా, సన్న బంగారం కూతా, మాత్రల రేకు కూతా దాదాపు ఒకటే. రేకును వదిలెయ్యమని మిషనుకు చెబితే కమ్మను కూడా వదిలేస్తుంది. ప్రతి రేకునూ తవ్వాల్సిందే."

ఈ చీటీ జేబులో పెట్టుకొని బెంగళూరులో ఒక అంగడికి పోయాను. నేను కమ్మ అనకముందే అంగడివాడు గొంతు తగ్గించి, "నిధికా సార్?" అన్నాడు. పది మీటర్ల లోతున బంగారం ఎక్కడుందో చెబుతుందంటూ రెండు కడ్డీలున్న పరికరం చూపించాడు. ధర లక్షల్లో ఉంది. ఒక రూపాయి బిళ్ల చాప కింద పెట్టి చూపమన్నాను. దగ్గరి వస్తువులు దానికి తెలియవన్నాడు! అప్పు దరఖాస్తుల్లో ఇలాంటి జవాబులు చాలా చూశాను. ఇరవై వేల లోపు చిన్న మిషను కొనుక్కొని బస్సెక్కాను.

చేలో తాళ్లు కట్టి, సాళ్లు సాళ్లుగా తిరిగాం. నేను మిషనూ, బావ చిన్న పారా. మొదటి రెండు రోజులు దొరికినవి ఎద్దుల లాడాలు, మేకులు, సోడా మూతలు, లెక్కలేనన్ని మాత్రల రేకులు. మూడో రోజు పొద్దెక్కాక మళ్లీ రేకు కూతే వచ్చింది. బావ విసుక్కుంటూనే తవ్వాడు. మట్టిపెళ్ల చిదిపితే కమ్మ! అక్క చీర కొంగుతో తుడిచి, ఏమీ అనకుండా కూర్చుంది.

గట్టు మీద పది పదిహేనుమంది చూస్తున్నారు. బంగారం దొరికిందన్నది అబద్ధం కాదుగదా. సాయంత్రానికి బాగేపల్లి బస్టాండులో అది బిందె అయింది. గుమ్మనాయకనపాళ్యం, గుడిబండ కోటల పాళెగార్ల కథలు ఇంటింటా ఉన్న సీమ మాది. ఎవరో పాళెగారు పాతిపెట్టిన సొమ్మే బయటపడిందన్నారు.

వారానికి చింతామణిలో మా బ్రాంచికి ఒక రైతు వచ్చాడు. టమోటా ధర పడిపోయి దెబ్బతిన్నవాడు. భార్య నగలు తాకట్టు పెట్టి లోతు మిషను కొంటానన్నాడు. కర్ణాటకకు 1962 నుంచి నిధుల చట్టం ఉందనీ, దొరికింది దాచుకుంటే నేరమనీ, నూరేళ్లు దాటిన వస్తువులకు 1972 చట్టం వేరే ఉందనీ చెప్పాను. "మీ అక్కగారికి దొరకలేదా సార్?" అన్నాడు. కమ్మ కథ చెప్పాను. నమ్మలేదు. నగలు తీసుకొని వెళ్లిపోయాడు, మరో చోట పెట్టాడేమో.

నెల తిరగకముందే అమావాస్య నాటి రాత్రి అక్క చేని గట్టున ఉన్న వీరగల్లు కింద ఎవరో తవ్వారు. నడుమెత్తు గొయ్యి. రాయి రెండు ముక్కలైంది. కత్తి పట్టిన వీరుడు ఒక ముక్కలో, గుర్రం ఒక ముక్కలో. ఏ ఊరి కోసం చచ్చాడో ఎవరికీ తెలియదుగానీ, పెళ్లయి వచ్చిన నాటి నుంచీ ప్రతి ఉగాదికీ అక్క అక్కడ దీపం పెట్టేది. పోలీసులు వచ్చి రాసుకున్నారు. ఊరివాళ్లు సిమెంటు పెట్టి అతికించి నిలబెట్టారు. అతుకు తెల్లగా కనిపిస్తుంది.

"కమ్మ దొరక్కపోయినా బాగుండేదిరా" అంది అక్క. నన్ను ఒక్క మాట అనలేదు. మిషను భుజాన వేసుకొని పట్టపగలు బస్సు దిగినవాణ్ణి నేను. ముందుగా ఊళ్లో నలుగురికి సంగతి చెప్పాలని నాకు తోచలేదు.

మిషను ఇప్పుడు చిక్కబళ్లాపురంలో మా ఇంటి అటక మీద ఉంది. పోయిన నెల పక్కింటాయన మట్టిలో పూడిపోయిన నీళ్ల వాల్వు మూత కోసం అడిగితే దించాను. అయిదు నిమిషాల్లో దొరికింది. మొన్న మేనల్లుడు ఫోన్ చేసి, ఇంకా లోతుకు పోయే మంచి మిషను వచ్చింది, ఈసారి తెమ్మంటావా అని అడిగాడు. మీ అమ్మను అడిగి చెబుతానన్నాను. ఇంకా అడగలేదు.