ముందే ఊహించుట – చూచి స్పందించుట

పోరు నష్టము, పొందు లాభము అని పెద్దల మాట. అయితే పోరును చూచియు నేర్చుకొనదగిన పాఠమొకటి కలదని మహబూబ్‌నగర్‌లో మా అక్క ఇంట మాకు తెలిసినది.

వేసవి సెలవులలో మా మేనల్లుడు మమ్ము టెక్కెన్ అను వీడియో ఆటకు కూర్చుండబెట్టినాడు. తెరపై ఇద్దరు మల్లులు తలపడుదురు. చేతిలోని మీటలతో వారిని మనము నడుపవలెను. పది పందెములాడి పదింటను ఓడినాము. "మామూ, మీరు దెబ్బను చూసి కాచుకొంటున్నారు. చూసేసరికే అది తగిలిపోతుంది" అన్నాడు. నవ్వుచు అన్న ఆ మాటలో శాస్త్రమున్నది. ఆ ఆటలో తెరపై బొమ్మ సెకనుకు 60 సార్లు మారును. మిక్కిలి వేగమైన పిడిగుద్దు 10 బొమ్మలలో, అనగా సెకనులో ఆరవ వంతులో, తగులును. కన్ను చూచి, మనసు గ్రహించి, వేలు కదలుటకు సెకనులో ఐదవ వంతో, నాల్గవ వంతో పట్టును. కనుక నెమ్మదిగా వచ్చు దెబ్బను చూచి కాచుకొనవచ్చును గాని, వడిగా వచ్చుదానిని ముందే ఊహింపక తప్పదు.

ఈ విద్యకు పరాకాష్ఠ 2004లో కాలిఫోర్నియాలో జరిగిన ఈవో పోటీలలో కనబడినది. స్ట్రీట్ ఫైటర్ 3 ఆటలో జపాను ఆటగాడు డైగో ఉమెహారా ఓటమి అంచున ఉన్నాడు. అతని మల్లునికి మిగిలిన ప్రాణము వెంట్రుకవాసి. అమెరికా ఆటగాడు జస్టిన్ వాంగ్ 15 తన్నుల వరుసను వదలినాడు. మామూలుగా కాచుకొన్నను ప్రతి తన్నుకు కొంత ప్రాణము హరించును. మిగిలిన దారి ఒక్కటే: ప్రతి తన్ను తగులు క్షణముననే మీటను ముందుకు నెట్టి దానిని త్రోసివేయుట. మొదటి తన్నును చూచిన పిదప త్రోయుటకు వ్యవధి లేదు. ప్రత్యర్థి ఏమి చేయబోవునో డైగో ముందే పసిగట్టినాడు. 15 తన్నులను త్రోసి ఆ పందెము గెలిచినాడు.

ఇది తెరపై ఆటకే పరిమితము కాదు. మన నిజామాబాదు బిడ్డ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లోను, 2023లో ఢిల్లీలోను ప్రపంచ విజేతగా నిలిచిన బాక్సింగు బరిలోను ఇదే న్యాయము. పిడికిలిని చూచి తప్పుకొనుట ఆలస్యము. భుజమును, పాదమును చూచి పిడికిలిని ఊహింపవలెను.

అయితే ఈ విద్యను మేము తరగతి గదిలో ప్రయోగించి భంగపడినాము. నల్లగొండలో మొదటి గంటకు నిత్యము ఆలస్యముగా వచ్చు విద్యార్థి ఒకడుండెను. ఒకనాడు అతడు నోరు తెరవకముందే "మళ్ళీ బస్సు కథేనా?" అని పదిమందిలో గద్దించినాము. తల వంచుకొని వెళ్ళిపోయినాడు. వారము దినములు రాలేదు. తల్లిదండ్రులు కూలికి వలసపోగా, చెల్లెలికి వండిపెట్టి, బడికి పంపి వచ్చుచున్నాడని తరువాత తెలిసినది. మా పేరు విన్నంతనే, మేము పెదవి విప్పకముందే, "ఈయనకు తెలుగేమి వచ్చును?" అని తీర్పు చెప్పినవారిని మేమెరుగుదుము. ఆ నొప్పి ఎరిగియు అదే దెబ్బ కొట్టినాము.

ఈద్‌కు అక్క ఇంటికి పోయినపుడు ఈ సంగతి చెప్పగా మేనల్లుడు కొంతసేపు ఊరకుండి, "మామూ, ఊహ తప్పినా వెనక్కి తీసుకోగలిగిన దెబ్బే ముందు వేయాలి. మంచి ఆటగాడు చేసేది అదే" అన్నాడు.

విద్యార్థి మిత్రులారా! ఊహింపక బ్రతుకు సాగదు. కాని మనుష్యుల ఎడల వెనుకకు తీసుకొనదగినది ప్రశ్న ఒక్కటే. ఇప్పుడు ఆలస్యముగా వచ్చినవానిని "ఏమైనది నాయనా?" అని ముందుగా అడుగుచున్నాము. ఆ ప్రశ్నను ఆ విద్యార్థికి ఆనాడే వేసియుండవలసినది.