మూడు దేశాలు, ఐదు రైళ్లు

మిల్లులో రిటైరై గ్రాట్యుటీ చేతికొచ్చాక అందరూ కాశీ వెళ్లిరమ్మన్నారు. నాకు మాత్రం థాయ్‌లాండ్‌లోని కాంచనబురి చూడాలని ఉంది.

మా తాతకి అన్న ఒకాయన శ్రీకాకుళం వైపు నుంచి మలయా రబ్బరు తోటలకి పోయాడు. 1941 తర్వాత ఉత్తరం లేదు. యుద్ధం అయ్యాక తిరిగొచ్చిన ఊరివాడొకడు, "జపానోళ్లు సయాం రైలు పనికి పట్టుకుపోయారు" అన్నాడట. థాయ్‌లాండ్, బర్మాల మధ్య 1942-43లో వేసిన 415 కిలోమీటర్ల లైను అది. ఆ పనిలో తొంభై వేల దాకా ఆసియా కూలీలు చనిపోయారని అంచనా. మలయా తోటల తమిళులతో పాటు మనవాళ్లూ అందులో ఉన్నారు.

"బ్యాంకాక్‌కి విమానం ఎక్కితే సరిపోద్ది కదా నాన్నా" అన్నాడు అబ్బాయి. తోటల కూలీలని గూడ్సు పెట్టెల్లో రైలు మీదే తీసుకెళ్లారు. నేనూ రైల్లోనే పోతానన్నాను.

మేనల్లుడు సింగపూర్‌లో ఉన్నాడు కాబట్టి అక్కడిదాకా విమానం. ఉడ్‌లాండ్స్ నుంచి జొహోర్ బారుకి రైలు ఐదే నిమిషాలు. అక్కణ్నుంచి కౌలాలంపూర్. అక్కడ కరెంటు రైలెక్కితే సరిహద్దులోని పదంగ్ బెసార్‌కి దాదాపు ఐదున్నర గంటలు. రెండు దేశాల పాస్‌పోర్టు తనిఖీ ఆ ఒక్క స్టేషన్లోనే. గడియారం గంట వెనక్కి తిప్పుకోవాలి, లేకపోతే లెక్క తప్పుతుంది. సాయంత్రం బండికి బ్యాంకాక్, రాత్రంతా ప్రయాణం. మా ఇంటావిడకి మోకాళ్ల నొప్పులు, కింద బెర్తే కావాలి. దానికి రేటు కాస్త ఎక్కువ, తొందరగా అయిపోతుంది కూడా. అందుకే ముందుగా తీసుకోవాల్సింది ఆ టిక్కెట్టే. చివరగా థోన్‌బురి స్టేషన్ నుంచి మూడో తరగతి పాసింజరు. దానికి రిజర్వేషన్ గొడవ లేదు.

పాస్‌పోర్టుకి ఆరు నెలల గడువుండాలి. మూడు దేశాలకీ మూడు రోజుల ముందు ఆన్‌లైన్‌లో ఫారం నింపాలి, అది ఉచితమే. వీసా రూల్సు మారుతుంటాయి, డబ్బు కట్టేముందు చూసుకోవాలి.

కాంచనబురి యుద్ధ శ్మశానంలో దాదాపు ఏడు వేలమంది సైనిక ఖైదీల సమాధులున్నాయి. మన కూలీలకి అక్కడ చోటు లేదు. ఊళ్లోని ఒక బౌద్ధ ఆలయంలో వాళ్ల అస్థికల మీద స్తూపం ఉందని చదివాను. పెద్దతాత పేరు దానిమీద ఉండదని తెలుసు. అయినా ఆయన పొలంలోని గుప్పెడు మట్టి మూటగట్టి పెట్టుకున్నాను. "కాశీకి పైయేడు పోదాంలే" అంది ఇంటావిడ.

మీ ఇళ్లల్లో మలయా వెళ్లినవాళ్ల ఉత్తరాలు గానీ, పేర్లు గానీ ఉంటే పత్రికకి రాయండి. ఆ స్తూపం దగ్గర వాళ్ల పేర్లు కూడా చదివి వస్తాను.