సినిమా నిలబెట్టిన స్టేషను

రైల్వే స్టేషనులో ప్రేమికులు విడిపోయే సీను మనకు కొత్తేం కాదు. బండి కదులుతుంది, చెయ్యి ఊగుతుంది, హాల్లో రుమాళ్ళు బయటికొస్తాయి. ఇలాంటి సీన్లకు పెద్దన్నయ్య అనదగ్గ చిత్రం 1945లో వచ్చిన 'బ్రీఫ్ ఎన్‌కౌంటర్'. అది తీసిన స్టేషను ఉత్తర ఇంగ్లండులో కార్న్‌ఫోర్త్ అనే చిన్న ఊళ్ళో ఇప్పటికీ ఉంది. లాంకస్టర్ నుంచి చిన్న బండి ఎక్కితే పది నిమిషాలు. "అక్కడేముందండీ చూడ్డానికి?" అన్నారు లాంకస్టర్‌లో నాకు ఆతిథ్యమిచ్చిన తెలుగాయన. అయినా ఎక్కేశాను.

దర్శకుడు డేవిడ్ లీన్ మనకు బొత్తిగా పరాయివాడు కాదు. 'లారెన్స్ ఆఫ్ అరేబియా' తీసిన ఈ మహానుభావుడు 1960లో హైదరాబాదు అమ్మాయిని పెళ్ళాడి మన అల్లుడయ్యాడు! 1984లో విడుదలైన 'ఎ ప్యాసేజ్ టు ఇండియా' కోసం బెంగుళూరు దగ్గరి సావనదుర్గ కొండల దాకా వచ్చాడు.

మరి ఇంగ్లండులో ఇన్ని స్టేషన్లుండగా కార్న్‌ఫోర్త్ ఎందుకు? షూటింగ్ జరిగింది 1945 ఫిబ్రవరిలో. యుద్ధం ఇంకా ముగియలేదు. రాత్రిపూట పెద్ద లైట్లు వెలిగిస్తే శత్రువు కంటబడే ప్రమాదం. కార్న్‌ఫోర్త్ లండన్‌కు చాలా దూరం కాబట్టి, విమానాలొస్తున్నాయని కబురందినా లైట్లార్పడానికి వ్యవధి ఉంటుంది. పగలు రైళ్ళ రద్దీ, అందుకని రాత్రిళ్ళే చిత్రీకరణ. సీలియా జాన్సన్, ట్రెవర్ హోవర్డ్ నాయికా నాయకులు. ఇద్దరికీ వేరే సంసారాలున్నాయి. గురువారం గురువారం కలుసుకుని, గడియారం చూసుకుంటూ ప్రేమించుకుంటారు, పాపం!

ఆ గడియారం ఇప్పటికీ ప్లాట్‌ఫారం మీద వేలాడుతోంది. దాని కింద ఫొటో దిగని జంట నాకు కనబడలేదు. నాయిక పరుగెత్తిన ఏటవాలు దారీ ఉంది. తమాషా అంతా టీ గదిలో ఉంది. సినిమాలోని టీ గది స్టేషనులోది కాదు, డెన్‌హామ్ స్టూడియోలో వేసిన సెట్టు. ఇప్పుడు స్టేషనులో ఉన్న గదిని ఆ సెట్టు చూసి తయారుచేశారు! కౌంటరు, కెటిలు, బల్లలు అన్నీ ఆనాటి తీరే. ఇంకో గదిలో రోజంతా ఆ సినిమానే ఆడుతుంటుంది.

ఈ స్టేషను పుట్టింది 1846లో. ఊరి ఆవిరి ఇంజన్ల షెడ్డు, దేశంలో ఆఖరిదాకా పనిచేసిన వాటిల్లో ఒకటి, 1968 ఆగస్టులో మూతపడింది. ఆ యార్డు మాత్రం ఖాళీగా లేదు. హ్యారీ పాటర్ చిత్రాల్లో పిల్లల్ని బడికి తీసుకెళ్ళే ఎర్ర ఇంజనుకు ఒకప్పుడు సొంతగూడు అదేనంటే నమ్ముతారా? 1970లో అసలు దెబ్బ తగిలింది. లండన్, గ్లాస్గోల మధ్య నడిచే మెయిన్ లైను ప్లాట్‌ఫారాలు ఎత్తేశారు. భవనాలు పాడుబడ్డాయి, గడియారం కూడా అమ్ముడుపోయింది. చివరికి ఊరివాళ్ళే ట్రస్టుగా ఏర్పడి, గడియారాన్ని వెనక్కి తెచ్చుకుని, భవనాలు బాగుచేయించి 2003లో తలుపులు తెరిచారు. ఆ సినిమా లేకపోతే ఆ గోడల కోసం అంత పట్టుదల ఎవరికి ఉండేది?

కానీ ప్రయాణికుడి గోడు తీరలేదు. లీడ్స్, మోర్‌కాంబ్, బారో వైపు బళ్ళు ఆగుతాయి. లండన్ బండి మాత్రం కంచె అవతలి నుంచి రివ్వుమని పోతుంది. ఇక్కడివాళ్ళు రైల్లో పెన్రిత్ వైపు ఉత్తరానికి వెళ్ళాలంటే ముందు దక్షిణాన లాంకస్టర్ వెళ్ళి బండి మారాలి. ఆ బండి మళ్ళీ సొంత ఊరి మీదుగానే ఆగకుండా పోతుంది. సామానుతో, పిల్లలతో వెళ్ళేవాళ్ళకు ఎంత యాతనో ఆలోచించండి.

సినిమాలో ప్రేమ మొదలైందీ ఆగని రైలుతోనే. ఎక్స్‌ప్రెస్ దూసుకుపోతుంటే నాయిక కంట్లో నలుసు పడుతుంది, డాక్టరైన నాయకుడు తీస్తాడు. నేను టీ తాగుతుండగా కూడా ఒక బండి కిటికీలదిరేలా దూసుకుపోయింది. పక్క బల్ల దగ్గర చేతిసంచితో కూర్చున్న ముసలావిడ తలెత్తలేదు. ఆవిడ బండికి ఇంకా ఇరవై నిమిషాలుంది.