హాజరు పట్టీలో మన పేరు

జిల్లా, తహసీల్దారు, అర్జీ, ఫిర్యాదు, హక్కు, దాఖలు, రసీదు, జవాబు, హాజరు. సర్కారీ దఫ్తర్ గడప తొక్కగానే వినపడే ఈ మాటలన్నీ మన అమ్మీల, నానీమాల నోట్లో తరతరాలుగా ఉన్నవే. అరబ్బీ నుంచో ఫార్సీ నుంచో ఉర్దూలోకి వచ్చి, అక్కణ్ణుంచి తెలుగులో పాలూ చక్కెరలా కలిసిపోయాయి. ఇన్ని మాటలు మనింట్లో పెట్టుకుని, అవి పనికొచ్చే చోట మాత్రం మనం గైరుహాజరు. ఆ మాటా మనదే.

నేను చెప్తున్నది ప్రజాభిప్రాయ సేకరణ సభల గురించి. ఊరి పక్కన ఫ్యాక్టరీయో, గనో, రేవో కట్టబోయే ముందు పర్యావరణ అనుమతి కోసం జరిపే సభ. మా ఖాలా వాళ్ళ ఊరు రేపల్లె దాటి నిజాంపట్నం వైపు వెళ్ళే దారిలో ఉంది. ఖాలూ రొయ్యల చెరువుల దగ్గర రాత్రి కాపలా. ఇంటి ముందు బోరింగు పంపు నీళ్ళు ఉప్పెక్కి చాలా ఏళ్ళయింది. ఆ నీళ్ళతో ఛాయ్ పెడితే పాలు విరుగుతాయి. తాగడానికి క్యాన్ కొంటారు, వజూకీ గిన్నెలకీ ఆ ఉప్పు నీళ్ళే. ఆ పక్కనే ఒక ఫ్యాక్టరీ వస్తోందనీ, ఫలానా రోజు సభ అనీ పంచాయతీ గోడ మీద కాగితం అంటించారు. ఖాలా తెనాలికి ఫోన్ చేసింది. "బేటా, కలెక్టర్ సాబ్ ఆతే కతే. హమ్ జానా క్యా?" అని.

పోవాలా అంటే, పోవాలి ఖాలా. ఎందుకో ఆమెకి చెప్పిందే మీకూ చెప్తాను.

1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 2006 సెప్టెంబరు 14న కేంద్రం ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. దాని ప్రకారం సభకి కనీసం ముప్ఫై రోజుల ముందు నోటీసు రావాలి. ఒక జాతీయ దినపత్రికలో, ఒక స్థానిక భాషా పత్రికలో ప్రకటన పడాలి. కంపెనీ తయారుచేయించిన నివేదిక కలెక్టరు కార్యాలయంలో, జిల్లా పరిషత్తులో, పంచాయతీలో లేదా మున్సిపాలిటీలో ఎవరడిగినా చూసుకునేలా ఉండాలి. దాని సారాంశం తెలుగులో ఉండాలి. సభ ఆ స్థలం దగ్గర్లోనే జరగాలి. కలెక్టరు గానీ, అదనపు జిల్లా మేజిస్ట్రేటు హోదాకి తగ్గని అధికారి గానీ కూర్చోవాలి. మొత్తం వీడియో తీయాలి. వచ్చిన ప్రతి మనిషికీ సవాల్ అడిగే హక్కుంది. చివర్లో, ఎవరేమన్నారో రాసుకున్నది స్థానిక భాషలో అందరికీ చదివి వినిపించాలి.

ఇందులో కోరం లేదు. అంటే ఇంతమంది వస్తేనే సభ చెల్లుతుందన్న షర్తు లేదు. మనం ఇంట్లో కూర్చుంటే సభ ఆగదు. మనం లేకుండానే అయిపోతుంది, అంతే.

ఇంకో సంగతి. ఇది ఓటింగ్ కాదు. ఎన్ని చేతులు లేచాయని లెక్కపెట్టి ఫైసలా చెప్పరు. జిందాబాద్, ముర్దాబాద్ రెండూ గాలిలో కలిసిపోతాయి. కాగితం మీద నిలిచేది సవాలు. సభలో లేచిన ముఖ్యమైన ప్రతి అభ్యంతరానికీ తుది నివేదికలో కంపెనీ జవాబు చెప్పాలి. ఆ తర్వాతే నిపుణుల కమిటీ దాన్ని తూకం వేసి చూస్తుంది. పెద్ద ప్రాజెక్టులైతే కేంద్రం దగ్గర, మిగతావి రాష్ట్ర స్థాయి అథారిటీ దగ్గర అనుమతి తేలుతుంది. అందుకే ఖాలాతో అన్నాను, గుస్సా ఇంట్లో పెట్టి సవాల్ పట్టుకుని రమ్మని.

పంచాయతీలో కూర్చుని తెలుగు సారాంశం నేనే చదివి వినిపించాను. పేరుకే తెలుగు. 'ఉపశమన చర్యలు', 'వ్యర్థ జలాల నిర్వహణ' అంటూ సాగింది. ఖాలా చాలాసేపు విని ఒకే మాట అడిగింది: "పానీ కహాఁ సే లేతే? లేకే కహాఁ ఛోడ్తే?" నీళ్ళు ఎక్కడ తీసుకుంటారు, ఎక్కడ వదుల్తారు? ఆ లావుపాటి నివేదిక అంతా ఈ రెండు సవాళ్ళకి జవాబు చెప్పాల్సిందే కదా. అక్కడి భూగర్భ జలాలు ముందే ఉప్పగా ఉన్నాయని ఒకచోట రాశారు. అది వినగానే ఖాలా, "ముందే ఉప్పని ఇంకాస్త పోస్తారా?" అంది.

సభ రోజు మస్జిద్ గల్లీ నుంచి నలుగురు ఆడవాళ్ళం వెళ్ళాం. బురఖాలో ఉన్నామని ఎవరూ ఆపలేదు. వెనక్కెళ్ళి కూర్చోమని మనవాళ్ళే ఒకాయన అన్నారు, మేం ముందే కూర్చున్నాం. ఖాలా చేతిలో మైకు వణికింది గానీ మాట వణకలేదు. తన రెండు సవాళ్ళూ అడిగింది. చివర్లో చదివి వినిపించినప్పుడు అవి 'స్థానిక మహిళలు నీటి విషయమై ఆందోళన వ్యక్తపరిచారు' అని వచ్చాయి. నేను లేచి, "సార్, ఆమె ఆందోళన పడలేదు, రెండు ప్రశ్నలడిగారు. అవి అలాగే రాయండి" అన్నాను. ఆయన మర్యాదగానే మళ్ళీ రాయించారు. అర్జీ రెండు ప్రతులు తీసుకెళ్ళాం. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముద్ర వేయించుకున్నాం.

ఫైసలా ఇంకా రాలేదు. మరి ఏం ఫాయిదా అంటారా?

సోంపేట గుర్తు చేసుకోండి. శ్రీకాకుళం జిల్లాలో బీల నేలల మీద థర్మల్ ప్లాంటు కడతామన్నారు. 2009లో జరిగిన సభలో రైతులూ మత్స్యకారులూ వద్దన్నారు. అయినా అనుమతి వచ్చింది. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో మనుషుల ప్రాణాలు పోయాయి. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ అనుమతిని రద్దు చేసింది. బీల ఉత్త బంజరు కాదు, నీళ్ళు నిలిచే నేల అని ఊరివాళ్ళు మొదట్నుంచీ చెప్తున్నదే చివరికి నిలిచింది. ఊరి గవాహీని మొదటి రోజే ఖాతరు చేసి ఉంటే ఆ ఇళ్ళలో జనాజాలు లేచేవి కాదు.

మన వైపు చూడండి. 2008లో వాడరేవు–నిజాంపట్నం ఓడరేవు, పారిశ్రామిక కారిడార్ అంటూ అప్పటి గుంటూరు, ప్రకాశం జిల్లాల తీరంలో వేల ఎకరాలు తీసుకున్నారు. రేవు రాలేదు, కోర్టు కేసులొచ్చాయి. జమీన్ ఒకసారి చేతులు మారాక అడిగే సవాలుకి బలం తక్కువ.

జబాన్ సంగతీ చెప్పాలి. 2020 మార్చిలో కేంద్రం ఈ నిబంధనలకి కొత్త ముసాయిదా తెచ్చింది. సభ నోటీసు గడువుని ముప్ఫై రోజుల నుంచి ఇరవైకి తగ్గించాలన్నది అందులో ఒకటి. అభిప్రాయాలు చెప్పమన్నారు గానీ, ఇచ్చింది ఇంగ్లీషులో, హిందీలో. జూన్ 30న ఢిల్లీ హైకోర్టు దాన్ని రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషలన్నిటిలోకీ తర్జుమా చేయించమంది, గడువు ఆగస్టు 11 దాకా పొడిగించింది. ఆ షెడ్యూలులో తెలుగు ఉంది, ఉర్దూ ఉంది. మన రెండు జబాన్లూ ఉన్నాయి. అర్థమయ్యే భాషలో అడగమనడం ఎవరి మెహర్బానీ కాదు.

తెనాలిలో, బాపట్లలో ఉన్నవాళ్ళు "అది రేపల్లె వాళ్ళ మస్అలా" అనుకోవద్దు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక తెనాలి గుంటూరు జిల్లాలో ఉండిపోయింది, రేపల్లె బాపట్ల జిల్లాలోకి వెళ్ళింది. కలెక్టర్లు ఇద్దరయ్యారు గానీ నీళ్ళు విడిపోలేదు. తెనాలి కాలవల్లో పారే కృష్ణ నీళ్ళు దిగువకే పోతాయి, మనం మురుగులో కలిపిందీ చివరికి ఆ సముద్రం వైపే చేరుతుంది. నిజాంపట్నం దగ్గర మడ అడవులు, వాటిలో పెరిగే చేప పిల్లలు, బాపట్ల బజారులో మనం బేరమాడే రొయ్యలు, అన్నీ ఒకటే దారం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఏది ఏ జిల్లా అని అడగలేదు. ఆ ప్రాజెక్టుతో తమకి సంబంధం ఉందనుకునే వాళ్ళు దూరంలో ఉన్నా రాతపూర్వకంగా అభ్యంతరం పంపొచ్చు.

నా గుజారిష్ చిన్నదే. మస్జిద్ మైకులో జనాజా ఎలాన్ చేస్తాం, తప్పిపోయిన పిల్లల ఎలాన్ చేస్తాం. మీ ఊరికి అలాంటి నోటీసు వస్తే అదీ ఎలాన్ చేయించండి. జుమా తర్వాత చదువుకున్న కుర్రాడొకడు సారాంశం పైకి చదివితే పావుగంట పని. ఆడవాళ్ళని తప్పకుండా తీసుకెళ్ళండి. ఇంట్లో నీళ్ళు పట్టేదీ, అవి ఎప్పుడు రంగు మారాయో, ఎప్పుడు ఉప్పెక్కాయో చెప్పగలిగేదీ వాళ్ళే. నీళ్ళు అమానత్ అని బయాన్లలో వింటూనే ఉంటాం. ఆ అమానత్ గురించి గవాహీ ఇవ్వాల్సిన చోటు ఈ సభే.

ఖాలా ఆ ముద్ర పడిన అర్జీని తన నికాహ్‌నామా ఉన్న రేకు పెట్టెలో దాచింది. అడిగితే, "జవాబ్ ఆనా హై నా" అంటుంది.