రథం ఎవరిది?

మీ ఊళ్ళో జాతర జరుగుతుందా? అందులో మీ ఇంటివాళ్ళు చేసే పని ఏదైనా ఉందా? డప్పు కొట్టడం, పందిరి వేయడం, బోనం ఎత్తడం, ఏదైనా సరే. ఒకసారి గుర్తు చేసుకోండి. ఈ ప్రశ్న ఎందుకు అడిగానో ఇది చదివాక మీకే తెలుస్తుంది.

మాది హనుమకొండ. 2022 జూలైలో వరంగల్లులో 'కాకతీయ వైభవ సప్తాహం' అనే పేరుతో ఏడు రోజులు ఉత్సవాలు జరిగాయి. వాటికి బస్తరు రాజవంశానికి చెందిన కమల్‌చంద్ర భంజ్‌దేవ్ అతిథిగా వచ్చారు. మేము కూడా పిల్లలను తీసుకుని చూడడానికి వెళ్ళాం. ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి వాళ్ళ నాన్నను అడిగింది: "కాకతీయుల వంశం వాళ్ళు ఎక్కడో ఛత్తీస్‌గఢ్‌లో ఎందుకున్నారు నాన్నా?"

మా ఆయనకు చరిత్ర అంటే ఇష్టం. ఆయన ఇలా చెప్పారు: "1323లో ఓరుగల్లు కోట ఢిల్లీ సుల్తాను సైన్యం చేతికి చిక్కింది. ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు గోదావరి దాటి అడవుల్లోకి వెళ్ళి బస్తరులో రాజ్యం నిలబెట్టాడని ఆ వంశ చరిత్ర చెబుతుంది. దంతేశ్వరి వాళ్ళ ఇలవేల్పు. ఆ అమ్మవారి పేరుమీద అక్కడ 75 రోజుల దసరా చేస్తారు. 600 ఏళ్ళకు పైబడిన పండుగ అంటారు."

ఇంకేముంది, ఆ ఏడు దసరాకు జగదల్‌పూర్ వెళ్దామని పిల్లలు పట్టుబట్టారు. మా ఆయన పినతల్లి కొడుకు అక్కడ మెకానిక్ షెడ్డు నడుపుతాడు. ఇక దిగడానికి ఇల్లు ఉన్నట్టే. మా అత్తమ్మ కూడా బయలుదేరింది. ఆమె బడి ముఖం చూడలేదు. కాని మేడారం జాతర ఒక్కటి కూడా తప్పలేదు. భద్రాచలం, కుంట, సుక్మా మీదుగా బస్సుల్లో ప్రయాణం చేసి మేము విజయదశమి నాటికి జగదల్‌పూర్ చేరుకున్నాం.

అక్కడ నాకు మొదట వింతగా తోచింది ఏమిటంటే, ఆ దసరాలో రావణ దహనం లేదు. పండుగంతా అమ్మవారిదే. శ్రావణ అమావాస్య నాడు రథానికి తెచ్చిన మానుకు పూజ చేస్తారు. పండుగ అక్కడ మొదలవుతుంది. ఆ తరువాత మిర్గాన్ కులానికి చెందిన ఒక చిన్న పిల్లను ముళ్ళ ఉయ్యాల మీద ఉంచుతారు. ఆమె మీదికి దేవత వచ్చి అనుమతి ఇస్తుందని నమ్మకం. రాజకుటుంబం వాళ్ళు వెళ్ళి ఆ పిల్ల దగ్గర అనుమతి అడగాలి. హల్బా తెగ యువకుడు ఒకడు తొమ్మిది రోజులు గుంటలో కూర్చుని దీక్ష చేస్తాడు. ఉమర్‌గావ్ అనే పేరున్న రెండు ఊళ్ళవాళ్ళు రథం చేస్తారు. ఒక్కొక్క పని ఒక్కొక్క ఊరిది, ఒక్కొక్క తెగది. మా మరిది ఇవన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పాడు.

విజయదశమి రాత్రి ఎనిమిది చక్రాల పెద్ద రథాన్ని అడవి జనం లాక్కుపోతారు. దానిని వాళ్ళు 'దొంగిలించి' ఊరి శివారున కుమ్డాకోట్ అనే చోట ఉంచుతారు. మర్నాడు రాజు అక్కడికి వెళ్ళాలి. వాళ్ళతో కలిసి కొత్త బియ్యపు అన్నం తినాలి. అప్పుడే రథం తిరిగి వస్తుంది. ఒకప్పుడు రథం మీద రాజు కూర్చునేవాడు. ఇప్పుడు దంతేశ్వరి అమ్మవారి ఛత్రం ఊరేగుతుంది.

ఆ తిరిగి వచ్చే రథాన్ని చూడడానికి మేము దారి పక్కన నిలబడ్డాం. మా ఆయన పిల్లవాణ్ణి భుజం మీద ఎక్కించుకుని గట్టిగా చెబుతున్నారు: "చూడరా, ఇదంతా మన ఓరుగల్లు రాజుల పండుగ. మనది!"

మా పక్కన ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. సుక్మా దగ్గరి పల్లె ఆయనది. భద్రాచలం సంతకు వచ్చిపోయే మనిషి కాబట్టి తెలుగు వచ్చు. ఆయన తల పైకెత్తి నవ్వుతూ అన్నాడు: "రాజు మీ ఊరి నుంచి వచ్చిండు బాబూ, నిజమే. మరి మాను మీ ఊరి నుంచి వచ్చిందా? తాడు మీ ఊరి నుంచి వచ్చిందా?"

మా ఆయన ముఖం చిన్నబోయింది. ఏం చెప్పాలో తోచలేదు. ఇంతలో రథం దగ్గరికి వచ్చింది. వందలమంది తాడు పట్టి లాగుతున్నారు. చక్రాల చప్పుడుకు నేల అదురుతోంది. అత్తమ్మ ఆ తాడు వైపు తేరిపార చూసి, "ఇది అడ్డాకు తీగ నారే కదా! మనం విస్తళ్ళు కుట్టే చెట్టు" అంది. ముసలాయన తల ఊపాడు. ఆ తీగను వాళ్ళు సియాడి అంటారట. పల్లెలవాళ్ళు దాని నారతో తాడు పేని తెస్తారట.

ఆ తరువాత అత్తమ్మ తన కొడుకుతో మెల్లగా అన్న మాట నేను ఇప్పటికీ మరచిపోలేదు.

"కొడుకా, మన సమ్మక్క సారలమ్మ యుద్ధం చేసింది ఎవరితో? ఆ ఓరుగల్లు రాజుతోనే కదా. కప్పం కట్టలేమన్న కోయవాళ్ళ మీదికి దండు తీసుకుపోయిండని చెప్పుకుంటరు. ఆయన తమ్ముడేమో ఇక్కడికి వచ్చిండు. ఇక్కడ అడవోళ్ళ అనుమతి అడిగితేనే పండుగ. వాళ్ళతో కూడు తింటేనే రథం. అందుకే నిలబడ్డది."

చూశారా! మా ఆయన పుస్తకాల్లో చదివింది అబద్ధం కాదు. కాని అది సగమే. రెండో సగం చదువు రాని అత్తమ్మకు తెలుసు.

అయితే ఇక్కడ అంతా సుఖంగానే జరిగిందని అనుకోవద్దు. 1876లో బస్తరు జనం పాలన బాధలు భరించలేక తిరగబడ్డారు. దసరాలో జరిగే 'మురియా దర్బారు' ఆ ఏడాదే మొదలైందని చెబుతారు. ఊరి పెద్దలైన మాంఝీలు, చాల్కీలు అందులో తమ కష్టాలు చెప్పుకుంటారు. రాజ్యాలు 1948లో విలీనమైనా దర్బారు ఆగలేదు. ఇప్పుడు రాజుకు బదులు మంత్రులూ అధికారులూ వచ్చి వింటున్నారు. పండుగలో అడిగే హక్కు కూడా ఉందన్నమాట.

ఆ రాత్రి మరిది ఇంట్లో మా అమ్మాయి నోటుపుస్తకం తీసింది. ప్రయాణం గురించి వ్యాసం రాయమని బడిలో చెప్పారట. బస్సులోనే ఒక వాక్యం రాసి పెట్టుకుంది: 'బస్తరు దసరా మన కాకతీయ రాజుల పండుగ.' కాసేపు ఆలోచించి దాన్ని కొట్టివేసింది. 'బస్తరు దసరాకు రాజు ఓరుగల్లు నుంచి వచ్చాడు. రథాన్ని అడవి ఇచ్చింది' అని రాసింది. వాళ్ళ నాన్న అది చదివి, "ఇదే బాగుంది" అన్నారు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. మీ ఊరి జాతర ఎవరు మొదలుపెట్టారో శాసనాల్లో, పుస్తకాల్లో దొరకవచ్చు. కాని తాడు ఎవరు పేనుతారు, మాను ఎవరు కొడతారు, అనుమతి ఎవరిని అడుగుతారు, ఇవి మీ ఇంట్లో పెద్దవాళ్ళను అడిగితేనే తెలుస్తాయి. ఈ రోజే అడగండి. వాళ్ళు చెప్పింది వాళ్ళ మాటల్లోనే పది వాక్యాలు రాయండి. తప్పులు వస్తాయని భయపడకండి. మా అమ్మాయి కూడా మొదట తప్పే రాసింది.